వొలోఫ్ మాస్టారు

సెనెగల్‌కు పనికి వెళ్ళబోయే మాకు అక్కడి వొలోఫ్ భాష నేర్పిన మాస్టారు, ఆ దేశంలో జీడిగింజలు కొనే పని చేసి రాజమండ్రి తిరిగొచ్చినవారు. క్షేమం అడగనిదే ఎవరితోనూ మాట మొదలుపెట్టేవారు కాదు.

ఒకరోజు నేనూ ఆయనా రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్ళాం. అక్కడ వొలోఫ్‌లో మొత్తుకుంటున్న ఒక సెనెగల్ వ్యాపారిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుని జనం కర్రలతో చితకబాదుతున్నారు. మాస్టారు పరిగెత్తి అతని మీద అడ్డంగా పడ్డారు. ఒక దెబ్బకు ఆయన కుడి మోచెయ్యి విరిగింది. అయినా అతని చెవి దగ్గర, "నంగ దెఫ్?" అన్నారు. ఎలా ఉన్నావని.

నెత్తురు ఉమ్ముతూ అతను, "మాంగి ఫి" అన్నాడు.

"ఏమంటున్నాడండీ వాడు?" కర్ర ఎత్తినవాడు అడిగాడు.

"ఇక్కడే ఉన్నాను అంటున్నాడండీ. బాగున్నాననడానికి వాళ్ళ మాట అదే."

అడిగినవాడు కర్ర దించేశాడు. వెనకవాళ్ళు మాత్రం పోలీసులొచ్చేదాకా కొడుతూనే ఉన్నారు.

వ్యాపారి బతికాడు. మాస్టారి చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు. మాకు వొలోఫ్ నేర్పుతూనే, ఆయన ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకున్నారు.