అందరి నోళ్ళూ చూసిన పెద్ద సిస్టరు

పెద్ద సిస్టరు పోయారని అరకు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వంట చేసే ఆమె ఫోన్ చేసి చెప్పింది. విశాఖపట్నంలో నేను నర్సుగా పనిచేసే ఐసీయూ బయట నిలబడి విన్నాను. "తెల్లారగట్ల పోనారమ్మా. నోట్లో పుండంట. మాకెవులికీ సెప్పనేదు," అంది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అరకు చుట్టుపక్కల ఎందరో పిల్లల నోళ్ళు తెరిపించి చూసిన మనిషి తన నోరు మాత్రం ఎవరికీ చూపించకుండా వెళ్ళిపోయింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ దానితోనే రాస్తున్నాను.

తొంభైల్లో నేను ఏజెన్సీలోని ఒక ఆస్పత్రిలో కొత్తగా చేరినప్పుడు సీరియస్ వార్డు ఆవిడ చేతిలో ఉండేది. కురుపాం వైపు రైతుల ఇంటి నుంచి వచ్చారు. పెళ్ళి మాటెత్తితే, "ఈ వార్డుతోటే కాపురం సేత్తన్నాను కదే," అనేవారు. వానలు మొదలైతే చాలు, మెదడుకెక్కిన మలేరియాతో పిల్లల్ని డోలీ కట్టి కొండల మీంచి మోసుకొచ్చేవారు. మంచాలు చాలక నేల మీద పరుపులు వేసేవాళ్ళం. ఒకరికి ఫిట్స్ తగ్గేలోపు ఇంకొకరికి మొదలయ్యేవి. దక్కని పిల్లల్ని తల్లికి అప్పగించే ముందు ఆవిడే మొహం కడిగి, తల దువ్వేవారు. ఆ తర్వాత వరండాలోకి వెళ్ళి గుడాకు డబ్బా తీసేవారు. పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్ల ముద్దను వేలితో చిగుళ్ళకు రుద్దుకుంటూ కాసేపు కొండ వైపు చూసేవారు. వద్దు సిస్టరూ అంటే, "ఇది నేకపోతే ఆ తల్లి మొకం సూడనేనే గుంటా," అనేవారు.

ఒక వానాకాలం ఒక చిన్నపిల్ల స్పృహ లేకుండా చాలా రోజులు ఉంది. పెద్ద సిస్టరు ఆ మంచం వదల్లేదు. చివరికి పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది. ఇంటికి వెళ్తూ మా అందరికీ చెయ్యి ఊపింది. చలికాలంలో అదే పిల్లను మళ్ళీ మోసుకొచ్చారు. ఈసారి జ్వరం కాదు, పుచ్చిపన్ను. దవడ వాచి, చీము మెడలోకి దిగి, ఊపిరి ఆడటం లేదు. పన్ను నొప్పికి ఇంట్లో గుడాకు రుద్దుతూ కూర్చున్నారట. వాళ్ళని ఏమనగలం, మా వరండాలోనూ అదే డబ్బా. పిల్ల దక్కలేదు.

మర్నాడు పెద్ద సిస్టరు డ్యూటీకి వచ్చి వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయారు. "కాళ్ళు రాటం నేదే," అన్నారు. లోపలికి నడిపిద్దామని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని గుమ్మం బయటే కూర్చుండిపోయారు. డాక్టరుగారు బలానికి మాత్రలు రాశారు. ఆయా దిష్టి తీసింది. ఎవరో చేతబడి అన్నారు. ఇప్పుడైతే దానికి బర్నవుట్ అని పేరుంది, మాకు ట్రైనింగులో చెబుతారు కూడా. అప్పుడు పేరూ లేదు, దాని పేరు చెప్పి సెలవూ లేదు. మనిషికి ఒళ్ళు బరువెక్కిందని వెనకాల గుసగుసలాడుకున్నారు.

కొన్నాళ్ళకి ఆవిడే అడిగి అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలకు బదిలీ వేయించుకున్నారు. పిల్లల పళ్ళు చూసుకుంటానన్నారట. అంత వార్డు నడిపిన మనిషికి ఈ పళ్ళు తోమించే పనేమిటని నవ్వినవాళ్ళున్నారు. నేను వెళ్ళి అడిగితే, "జొరం ఎప్పుడొత్తాదో మనకి తెల్దు. పన్ను పుచ్చడానికి శానా కాలం పడతాది. అది మనకి టైమిత్తాదే గుంటా," అన్నారు.

పొద్దున్నే మంచులో పిల్లలంతా కుళాయి దగ్గర కానుగపుల్లలతో తోముకునేవారు, తర్వాత్తర్వాత బ్రష్షులతో. తోముకున్నాక ఒక్కొక్కరూ ఆవిడ స్టూలు ముందు ఆగి "ఈ" అని పళ్ళు చూపించాలి. చూపిస్తేనే ఉప్మా. రాత్రి బెల్లం తిని పడుకున్నవాణ్ణి ఇట్టే పట్టేసేవారు. "ఏట్రా గుంటడా, నోట్లోకి సీమల్ని పిలిసినావా? బేగెల్లి మళ్ళీ తోముకో," అనేవారు. పుచ్చు మొదలైన పిల్లల్ని తనే వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి బస్సెక్కేవారు. ఒకసారి నేను అక్కడ ఉండగా ఒక పిల్లాడు, "మరి మీ పళ్ళేవి సిస్టరమ్మా?" అని అడిగాడు. గుడాకు అప్పటికే వాటిని సగం తినేసింది. "మీకు సెప్పీ సెప్పీ అరిగిపోనాయిరా," అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళు బడిలోకి వెళ్ళాక ఆవిడ గది వెనక్కి వెళ్ళి డబ్బా తీయడం నేను చూశాను. అది మానడం ఆవిడ వల్ల కాలేదు.

రెండు వేలు దాటాక నేను విశాఖలో ఐసీయూలో చేరాను. అక్కడ మెషీన్లున్నాయి, పిలిస్తే పలికే డాక్టర్లున్నారు. అయినా ఒకరోజు ఆస్పత్రి గేటు ముందు నా కాళ్ళూ ఆగిపోయాయి. ఇక ఈ ఉద్యోగం చెయ్యలేననుకుని అరకు రైలెక్కాను. ఆవిడ నా మొహం చూసి స్టవ్వు వెలిగించారు. కాఫీ ఇచ్చి, "పొద్దుట నా స్టూలు మీద నువ్వు కూకో," అన్నారు. వారం పాటు కూర్చున్నాను. పిల్లలు వచ్చేవారు, పళ్ళు చూపించి వెళ్ళేవారు. నిన్న చూసిన పిల్లే ఇవాళా వచ్చేది. నాకు చేసిన వైద్యం అంతే. బయల్దేరుతుంటే, "కాళ్ళు మళ్ళీ ఆగితే ఇక్కడికొచ్చీ. ఆగిన కాళ్ళని తిట్టకు," అన్నారు. ఆవిడ దయవల్ల నేను ఇంకా నర్సునే.

రిటైరయ్యాక కూడా బడి పక్కనే గది తీసుకుని ఉండిపోయారు. పోయినేడు వెళ్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడారు. అన్నం చల్లార్చి, పల్చగా కలుపుకుని తిన్నారు. గుడాకు చేసిన పనేనని నాకు అర్థమైంది. నోరు తెరవండి, చూస్తానన్నాను. "నీ డూటీ విశాపట్నంలో కదే. ఇక్కడ డూటీ నాది," అన్నారు. టార్చి తీశాను, బతిమాలాను, అరిచాను. "నాకు తెలుసే," అన్నారు చివరికి. తెలిసీ ఎందుకు ఊరుకున్నారో చాలా ఆలోచించాను. ఆస్పత్రికి వస్తే మళ్ళీ ఏదో ఒక వార్డు గుమ్మం దాటాలి. పేషెంటుగా కూడా ఆవిడ ఆ గుమ్మం దాటలేకపోయారేమో. అందరికీ వరస పెట్టిన మనిషిని, నువ్వూ వచ్చి వరసలో నిలబడమని ఎవరు చెప్పగలిగారు?

ఆ ఫోన్ వచ్చిన రోజు నేను అరకు చేరేసరికి మధ్యాహ్నమైంది. కుళాయి పక్క వసారాలో పడుకోబెట్టారు. నోటి మీదికి కొంగు కప్పి ఉంది. కురుపాం నుంచి వాళ్ళ అన్నగారు వచ్చారు. ఆఖరి చూపుకి రమ్మని పిల్లల్ని పిలిస్తే వాళ్ళు ముందు కుళాయి దగ్గరికి వెళ్ళారు. తోముకోకుండా సిస్టరమ్మ దగ్గరికి ఎలా వస్తామన్నారు. ఆ మిట్టమధ్యాహ్నం అందరూ తోముకునేదాకా పెద్దవాళ్ళం ఆగాం.

మొదటి పిల్ల వచ్చి ఆవిడ ముందు నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక రోజూ చేసేదే చేసింది. "ఈ" అని పళ్ళు చూపించింది. వెనక పిల్లాడూ అంతే, వాడి వెనక పిల్లా అంతే.

"సావు కాడ నవ్వుతారేటి?" అని అన్నగారు కసిరారు.

వంటామె ఆయన చెయ్యి పట్టుకుంది. "నవ్వడం కాదు బాబూ. సూపిత్తన్నారు," అంది.

వరస కదులుతూనే ఉంది. పిల్లల కళ్ళ నీళ్ళు పెదాల మీదికి కారుతున్నాయి. పళ్ళు తెల్లగా ఉన్నాయి, ఒక్కటీ పుచ్చలేదు. నేను వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను. నా వంతు రాగానే వంగి, కొంగు కప్పిన ఆ నోటికి ఎదురుగా, నేనూ "ఈ" అన్నాను.