రెండు గోడల మధ్య కోడి

మొన్న కామెరాన్ హైలాండ్స్‌లో మనవరాలి ఇంటికి వెళ్ళాను. అక్కడ బళ్ళో పంతులమ్మ అది. ఆ కొండ మీద మధ్యాహ్నం కూడా మబ్బు గుమ్మం దాకా వచ్చి, పిలిస్తే లోపలికి వచ్చేటట్టు నిలబడుతుంది. బట్టలు ఆరవు, ముసలి మోకాళ్ళు ఊరుకోవు. నేను వెళ్ళిన రోజే కిటికీలు బిగించే మనిషి వచ్చి, పాత అద్దాలు ఊడదీసి జంట అద్దాలు పెడుతున్నాడు. రెండూ ఒకదానికొకటి తగలవు, మధ్యలో వేలు పట్టేంత సందు. ఏటే ఇది, ఒకదానికి రెండెందుకని అడిగాను. "అమ్మమ్మా, మజ్జిలో గాలి ఉంటాది లా. ఆ గాలే సలిని ఆపుతాది. లోపల సెమ్మ పట్టదు. కొత్త పద్దతి, నీకు తెల్దు" అంది, మాట చివర మలాయ్‌వాళ్ళ లా ఒకటి తగిలించి. నీకు తెలీదన్న మాట నాకు పడదు. చదువు రాని రోజుల్లో ఎవరలా అన్నా నమ్మేదాన్ని. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నాక నమ్మడం మానేశాను. ఆ కొత్త పద్ధతి మా ఇంట్లో నాకు పాలపళ్ళు ఊడే వయసులోనే ఉండేది. దాన్ని కనిపెట్టింది ఒక నల్ల కోడిపెట్ట.

అది మలయా దేశాన్ని తెల్లవాళ్ళు ఏలే కాలం. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరికి దిగువన, నది సముద్రానికి దగ్గరపడే చోట, రబ్బరు తోటలో కూలీల లైను మాది. లైనంటే ఒకే రేకుల కప్పు కింద వరసగా గదులు. మాది చివరి గది, అంటే మూడు వైపులా వానకి సొంతం. గోడలు చెక్క పలకలవి. ఎండకి ఎండి విడిపోయి, వాటి సందుల్లోంచి అందరి సంగతులూ తెలిసేవి: మామూలు రోజుల్లో పక్కింట్లో ఏం కూరో, వానాకాలంలో వాన ఏ దిక్కునుంచి కొడుతోందో. ఉప్పు నీరయ్యేది. ఎండుమిరపకాయలకి గడ్డాలు మొలిచేవి. అగ్గిపుల్ల గీస్తే వెలగాలని మొక్కుకోవాలి. చాపకి ఒక వాసన ఉండేది, తడిసిన కుక్క వచ్చి పడుకుని వెళ్ళినట్టు. పెద్దవాళ్ళు నవ్వుకుంటూ ఓర్చుకునేవాళ్ళు. పసివాళ్ళకి ఓర్చుకోవడం చేతకాదు. నా తరవాత అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ వానల్లోనే పుట్టి, ఆ వానల్లోనే రొమ్ముకి జలుబు చేసి, డొక్కలు ఎగరేస్తూ పోయారు. మూడోసారి కూడా నెలలు నిండేది వానల్లోనేనని తేలాక మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మామ్మ తప్ప.

మామ్మ అంటే మా అయ్య తల్లి. శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఓడలో చాలామంది చాలా తెచ్చుకున్నారు, మామ్మ తన ఊరి బుద్ధిని ఒక్క పిసరు పారబోసుకోకుండా తెచ్చుకుంది. "గోడకి మట్టి మెత్తితే గాలి దూరదు, పేడ అలికితే పురుగు దూరదు. ఈ దేశమొచ్చి మీ బుద్దులు పోయినాయి" అని, లైనులో ఆవు ఉన్నవాళ్ళ దగ్గర పేడ తెచ్చి, కాలవగట్టు మట్టి కలిపి, పలకల గోడకి లోపలినుంచి దిట్టంగా మెత్తేసింది. నేనే మట్టి అందించాను. వాళ్ళ ఊళ్ళో పొద్దున మెత్తిన గోడ దీపాలవేళకి గణగణలాడేదట. అక్కడి ఎండ అలాంటిది. ఇక్కడి గాలే సగం నీరు. మా గోడ ఆరలేదు. మరునాడు ఆరలేదు, ఆ పై వారం ఆరలేదు. ముందు తెల్లటి నూగు పట్టింది, ఆ తరవాత గడ్డి మొలిచింది, చివరికి పుట్టగొడుగులు గొడుగులు విప్పాయి. పక్క గది అత్త గుమ్మంలో నిలబడి, "పిన్నీ, మీ గోడ కాపుకొచ్చినాది. కోసినప్పుడు నాకో దోసెడు పెట్టు" అంది. మామ్మ తల తిప్పలేదు. "నవ్వే, నవ్వు. నీ గోడకి ఆ పాటి కాపూ లేదు."

వాన పడితే రబ్బరు చెట్లు గీయరు కనుక అయ్య ఇంట్లోనే ఉన్నాడు. మట్టి గోకేద్దామన్నాడు. గోకితే పలకలే ఊడొచ్చేటట్టున్నాయి. నిండు కడుపుతో మూల కూర్చున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఆ గోడని దాని కరమకి వదిలెయ్యండి. నా బిడ్డకి ఏరే గోడ కట్టండి. దీనికి అది తగలకూడదు. తగిలిందా, గజ్జిలాగ అంటుకుంటాది సెమ్మ." అమ్మ ఎప్పుడో గాని మాట్లాడదు, మాట్లాడితే అయ్య లేచేవాడు. నది ఒడ్డున ఒక మలాయ్ ముసలాయన బురదలో పెరిగే నీపా అనే తాటిజాతి చెట్టు ఆకు కుట్టి, అత్తాపు అనే తడికలు చేసేవాడు. డబ్బుకి బదులు ఆయన పడవకి తారు పూసి పెట్టి, అయ్య ఆ తడికలు మోసుకొచ్చాడు. వెదురు గుంజలు పాతి, మట్టి గోడకి జానెడుకి పైగా ఎడంగా లోపల ఇంకో గోడ నిలబెట్టాడు.

మామ్మకి అంతా నచ్చింది, ఆ ఎడం తప్ప. "మజ్జిలో కాళీ ఏట్రా? గాలొచ్చి కూకోడానికా? ఊక కుక్కు."

"ఊక ఎక్కడిదే అమ్మా? ఈ తోటలో ఒడ్లు పండుతున్నాయేటి?"

"అయితే గడ్డి కుక్కుతాను. నువ్వు కూకో, నీకు సేతకాదు."

కొడవలి పట్టుకుని వానలో వెళ్ళి, లాలాంగు గడ్డి మోపు కోసుకొచ్చింది. నీళ్ళు కారుతున్న ఆ మోపు దించి సందులోకి తొంగి చూస్తే, లోపల మా నల్లపెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. చెయ్యి పెడితే పొడిచింది. మామ్మ వెనక్కి తగ్గింది, పోటుకి జడిసి కాదు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పొదిగే పెట్టని లేపకూడదని మా వాళ్ళ ఆచారం. ఆ ఆచారం పాటించలేదని లైనులో నలుగురైదుగురికి గడ్డి పెట్టింది మామ్మే. ఇప్పుడు తన చేతిలోని గడ్డి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మోపు వరండాలోనే కుళ్ళింది. మామ్మ రోజూ సందులోకి తల పెట్టి, "నీ కడుపు కాల, ఊరంతా వొదిలేసి నా కోడలి గోడే దొరికినాదేటి" అని తిట్టి, గుప్పెడు నూకలు చల్లి వచ్చేది.

అంతలో పెద్దవాన పట్టుకుంది. పలకలు తడిశాయి, మట్టి జారి ముద్దలుగా పడింది. మామ్మ లోపలి తడికని అరచేత్తో ఈ చివరనుంచి ఆ చివరకి తడిమింది. పొడి. సందులో చెయ్యి పెట్టి కోడి కింద తడిమింది. పొడి, పైగా వెచ్చన. చెయ్యి బయటికి తీసి, "ఇది ఇక్కడ ఎందుకు కూకున్నాదో ఇప్పుడు తెలిసినాది" అంది. మామ్మ తన మాట వెనక్కి తీసుకోవడం మేమందరం అప్పుడే చూశాం.

ఇక మిగిలింది కిటికీ. దానికి చెక్క తలుపొక్కటే. మూస్తే చీకటి, తెరిస్తే జల్లు. బాలింతకి గాలి తగలకూడదు గనుక మూసే ఉంచాలంది మామ్మ. "సీకట్లో కనను అత్తా. ఆ ఇద్దరినీ సీకట్లోనే కన్నాను" అంది అమ్మ. అయ్య వెళ్ళి చీనా కొట్టు యజమాని తౌకేని బతిమాలి, విరిగిన నూనె కాగితం గొడుగొకటి తెచ్చాడు. ఆ కాగితం విప్పి కిటికీ చట్రానికి బయటివైపు అంటించాడు. పసుపు నీళ్ళలాంటి వెలుతురు వచ్చింది గదిలోకి. అందరం మురిసిపోయాం. పురిటికి కావాలని గదిలోనే కాగు పెట్టి నీళ్ళు కాచి చూసేసరికి, ఆవిరి ఆ చల్లటి కాగితానికి తగిలి, చుక్కలు కట్టి, అమ్మ చాప మీదికే కారింది. మామ్మ కాగితం వంక చూసింది, కోడి ఉన్న వైపు చూసింది.

"ఒరే, ఇంకో గొడుగు తే."

"ఉన్నాది కదే."

"గోడకి రెండైతే కిటికీకి ఒకటేట్రా? కోడికున్న బుద్ది లేదేటి నీకు?"

రెండో కాగితం చట్రానికి లోపలివైపు అంటింది. చుక్కలు ఆగాయి. లైనంతా వచ్చి చూసి వెళ్ళింది. పక్క గది అత్త మాత్రం, "గొడుగులో కాపరం పెట్టినారు, ఇక మీకు వానేటి, వరదేటి" అంది. ఆమె వెక్కిరించినా ఆశీర్వదించినా ఒకేలా ఉండేది.

తమ్ముడు ఆ వెలుతురులోనే పుట్టాడు. కొన్నాళ్ళకి ఒక పొద్దున దగ్గాడు. చిన్న దగ్గే. అయ్య చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. అమ్మ వాడి రొమ్ముకి చెవి ఆనించింది. మామ్మ చాప ఎత్తి కింద తడిమింది, గోడ తడిమింది, కాగితం తడిమింది. ఎక్కడా చెమ్మ లేదు. వాడు మళ్ళీ దగ్గాడు. ఈసారి నేనూ దగ్గాను, ఆ వెంటనే అయ్య. అప్పుడు చూశాం: మామ్మ వేసిన సాంబ్రాణి పొగ బయటికి పోయే దారి లేక గదినిండా సుడి తిరుగుతోంది. వాన దూరనంతగా కట్టుకున్న గదిలోంచి పొగ మాత్రం ఎలా పోతుంది? అమ్మ గుమ్మం తలుపు బెత్తెడు తెరిచింది. పొగ పోయింది, దగ్గు పోయింది, వాడు పాలకి ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపు విని అంత సంతోషించిన ఇల్లు నేను మళ్ళీ చూడలేదు. "బిడ్డని పొగేసి ఎండబెడుతున్నావేటి అత్తా, రబ్బరు సీటులాగ" అంది అమ్మ, తోటలో రబ్బరు పాలని పలకలుగా పోసి పొగలో ఆరబెట్టడం తలుచుకుని. ఆ ఇద్దరూ పోయాక అమ్మ నవ్వులాట ఆడడం అదే మొదలు.

మా లైనులో పసివాళ్ళ వయసు నెలల్లో అడిగేవారు కాదు, ఎన్ని వానలు దాటినాడని అడిగేవారు. ఎండలు వచ్చాక మామ్మ వాణ్ణి చంకనేసుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి, ఎవరూ అడగకముందే, "ఒకటి దాటినాడు" అని చెప్పి వచ్చింది. తమ్ముడు ఆ తరవాత ఎన్నో దాటాడు, తాతయ్యాడు, ఇప్పుడు నాకంటే ఎక్కువ నస పెడతాడు. ఇప్పటివాళ్ళు పుట్టినరోజుకి కేకు కోసి వయసు చెప్పుకుంటారు, మంచిదే. నాకు మాత్రం కాలం ఇంకా వానల్లోనే నడుస్తుంది. దాటినవాళ్ళం ముసలివాళ్ళమయ్యాం, ఆ ఇద్దరు తమ్ముళ్ళూ అవతలి గట్టునే, అదే వయసులో ఉండిపోయారు.