రోముకు వెళ్ళి తిరిగొచ్చిన ముడుపు

తొంభైల్లో దోహాలో, అల్ ముంతజాలోని ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉండేదాన్ని. ఒక వేసవి సెలవులకు ఆ ఇంటివాళ్ళు నన్ను కూడా రోముకు తీసుకెళ్ళారు. ఈ మాట ఎవరికి చెప్పినా కళ్ళు పెద్దవి చేసి, "ఎంత అదృష్టం!" అంటారు. నాకు మాత్రం ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ అన్నం సహించదు.

మాది కృష్ణా జిల్లా. ఏటా గుణదల మాత కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించి మొక్కు తీర్చుకునే ఇల్లు మాది. దోహాలో అప్పటికి మాకు గుడి లేదు. సెలవు దొరికిన శుక్రవారం ఒక నర్సమ్మ గదిలో పదిమందిమి చేరి, బయటికి వినపడకుండా పాటలు పాడుకునేవాళ్ళం. అలాంటిదాన్ని రోముకు వెళ్తున్నానంటే నా కాలు నేలమీద నిలవలేదు. వారం ముందునుంచే కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

వెనకింట్లో కడప వైపు అమ్మాయి ఒకతె పనిచేసేది. చెత్త పారేయడానికి వచ్చినప్పుడు గోడ దగ్గర నిలబడి నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకోవడమే మా స్నేహం. ఊళ్ళో తల్లి దగ్గర వదిలి వచ్చిన ఆమె కూతురికి ఏడేళ్ళు. గుండెలో రంధ్రం. ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టారు, ఈమెకేమో సెలవు ఇవ్వలేదు. నా ప్రయాణం సంగతి తెలిసి, పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నువ్వు రోముకు పోతాండావంట గదా! ఈ ముడుపు ఆడ పెద్ద గుళ్ళో పెట్టిరా. మా పాప పట్టీ మువ్వ ఉండాది దీంట్లో."

"మా దేవుడికి నువ్వు ముడుపు కడతావా?" అన్నాను నవ్వుతూ.

"ఏ దేవుడైతే ఏమక్కా, మా పాప బతికితే చాలు. విప్పగాకు. నేల మింద పెట్టగాకు. నీ చేత్తోనే పెట్టల్ల."

"పెడతానే తల్లీ, ఒట్టు" అన్నాను. ఒట్టు ఆమె అడగలేదు, నేనే వేశాను.

రోములో వారం రోజులున్నాం. వేల ఏళ్ళనాటి కట్టడాలన్నారు. సగం కూలిన పెద్ద గుండ్రటి గోడలు, నీళ్ళు చిమ్మే రాతి మనుషులు, ఎక్కడ చూసినా మెట్లు. రాళ్ళు పరిచిన వీధుల్లో చంటిదాని బండి చక్రాలు అడుగడుక్కీ ఇరుక్కునేవి. వాళ్ళు తల పైకెత్తి చూస్తుంటే నేను కింద నీడ ఎక్కడుందో, పాలసీసా కడగడానికి కుళాయి ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. గుడికి ఎప్పుడని రోజూ అడిగేదాన్ని. "బుక్రా" అనేది మేడం. ఆ రేపు చివరి రోజుకు గానీ రాలేదు.

మేడం చెడ్డదేం కాదు, అది చెప్పుకోవాలి. ఆ రోజు గుడి ముందు మైదానంలో చంటిదాన్ని తనే ఎత్తుకుని, "అరగంట. యల్లా, వెళ్ళిరా" అంది. లోపలికి వెళ్ళే వరుస కూడా పొట్టిగానే ఉంది. నేను అటు నడుస్తుంటే వాళ్ళ పెద్దమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది. ఫోటో తీయనా అంది.

నా బుద్ధి అక్కడ గడ్డి తింది. వెనకాల ఆ గుడి శిఖరం, ముందు నేను. ఆ ఫోటో మా ఊరంతా చూడాలి. పరాయి దేశంలో పాచిపనికి పోయిందని మూతి విరిచిన మా తోడికోడలు మరీ చూడాలి. కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. బట్టలమీద పాల మరక నీళ్ళతో రుద్దుకున్నాను. జడ విప్పి మళ్ళీ అల్లుకున్నాను. మొదటి ఫోటోలో కళ్ళు మూశానేమోనని రెండోది, అందులో శిఖరం పడలేదేమోనని మూడోది తీయించుకున్నాను. తిరిగి చూసేసరికి రెండు బస్సుల జనం దిగి వరుసలో నిలబడ్డారు. వరుస స్తంభాల చుట్టూ తిరిగిపోయింది. అందులో కాసేపు నిలబడ్డాను, పది అడుగులు కూడా జరగలేదు. "ఖలాస్, విమానం టైమైంది" అని మేడం పిలిచింది.

నేలమీద పెట్టొద్దంది కాబట్టి మెట్లమీద పెట్టలేదు. నీ చేత్తోనే అంది కాబట్టి ముందు నిలబడ్డ ముసలామె చేతికి ఇవ్వలేదు. ముడుపుతోనే దోహాలో దిగాను.

"పెట్టినావా అక్కా?" అంది గోడ దగ్గర.

"పెట్టాను."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమె నా రెండు చేతులూ తీసి కళ్ళకద్దుకుంది. ఫోటోలు వచ్చాక ఒకటి కావాలని అడిగి తీసుకుంది. అందులో నా పిడికిట్లోంచి పసుపు గుడ్డ కొస కనిపిస్తోంది. "ఇదో, మా ముడుపు!" అని మురిసిపోయింది. పెట్టె మూత లోపల అంటించుకుని రోజూ దండం పెట్టుకునేదట.

ఆపరేషన్ అయిన మూడో రోజు పాప పోయింది. ఫోన్‌లో కబురొచ్చింది. వారం తర్వాత ఆమె గోడ దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. ఫోటో నా చేతిలో పెట్టింది.

"రోములో పెట్టినా వినలేదంటే ఇంగ ఏ దేవుడూ లేడక్కా. మా ఇంటి దేవుని పటం గూడా తీసేసినా. నువ్వేం జేస్తావులే, నీ వంతు నువ్వు చేసినావు."

పెట్టలేదే అని ఒక్క మాట అంటే చాలు, ఆ కోపం దేవుడి మీదనుంచి నా మీదకు వచ్చేది. తిట్టేది, కొట్టేది. ఆ పటం మళ్ళీ గోడకు తగిలించుకునేదేమో. నేను నోరు విప్పలేదు. రెండు నెలలకు ఆమె ఊరికి వెళ్ళిపోయింది, అడ్రసు కూడా అడగలేదు నేను. ముడుపు పెట్టి ఉంటే పాప బతికేదని అనను. కానీ బిడ్డ పోయిన మనిషికి మొరపెట్టుకోవడానికి దేవుడు కూడా లేకుండా చేసింది నేనే. ఇన్నేళ్ళలో దానికి క్షమాపణ అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఆ ఫోటో, ముడుపు మా ఇంట్లో బీరువా పై అరలో ఉన్నాయి. బట్టలు సర్దేటప్పుడు చెయ్యి తగిలితే లోపల మువ్వ మోగుతుంది. ముడుపు విప్పలేదు. నేలమీదా పెట్టలేదు.