ఇంటి లొకేషన్

సరిగ్గా నాట్ల వేళ, మా మేనత్త చనిపోయిందని పెద్దవంగర నుంచి మామ ఫోన్ చేశాడు. గుండె ఆగిందట. జనగామలో నా ఫోన్ల దుకాణం షట్టర్ దించి బండెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత పని నెత్తిన పెట్టుకుని ఇలా ఎలా పోతుందని.

మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. ఆమె గొంతు మాత్రం చుట్టుపక్కల రైతులందరి ఫోన్లలో ఉంది. నాట్లకు ఇక్కడి మనుషులు చాలక బెంగాల్ నుంచి కూలీలు ముఠాలుగా వస్తున్నారు. ఏ పొలం తయారైందో, ఏ ముఠా ఖాళీగా ఉందో వాట్సాప్ గ్రూపులో చెప్పి కలిపేది అత్త. చదవడం రాదు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే, సగం తెలుగు, సగం ఉర్దూ. వాళ్ళకెలా అర్థమయ్యేదో గాని, పని మాత్రం దొరికేది.

లొకేషన్ పంపడం నేనే నేర్పాను. మొదటిసారి పొలం దగ్గర నిలబడి పంపాల్సింది, ఇంట్లో కూర్చుని పంపింది. ముఠా అంతా మూటలతో ఆమె వాకిట్లో దిగింది. అవతల నా దుకాణానికి వచ్చే దేవరుప్పుల రైతు గట్టుమీద ఎదురుచూసి, ఫోన్‌లో నన్ను తిట్టిపోశాడు. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను.

"వచ్చినోళ్ళను వాపస్ పొమ్మంటమా అల్లుడా? ఆకలి మీదున్నరు. జర తిననీ," అంది.

ఆ తర్వాత కావాలనే ఇంటి లొకేషన్ పంపేది. "మొకం సూడకుండ పనికెట్ల పంపుత? రేపు ఎవలకన్న జెరమొస్తె నన్నే అడగాలె గద!" జ్వరమొచ్చిన ఒకతన్ని మహబూబాబాద్ దవాఖానకు తనే తీసుకుపోయింది కూడా. మామకు ఇదంతా నచ్చేది కాదు. "ఇల్లా, బస్టాండా?" అని గొణిగేవాడు. వాళ్ళతో ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు.

దినాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. మామ అన్నం ముట్టడం లేదు. అత్త ఫోన్ నా జేబులో మోగుతూనే ఉంది. చివరికి నేనే గ్రూపులో చెప్పాను, వాళ్ళంతా అక్కా అని పిలిచే అత్త ఇక లేదని. చెప్పాక కాలు నిలవలేదు. లోపలికీ బయటికీ ఒకటే తిరుగుడు. కూలీలు రాకపోతే రైతులకు ఏం చెప్పాలి? వస్తే ఈ ఇంట్లో పలకరించేదెవరు?

వాళ్ళు వచ్చారు. ఏటా వచ్చే ముఠా మేస్త్రి చెప్పులు విడిచి, మామ ముందు కూర్చుని, అచ్చం అత్త యాసలో, "తిన్నవా బాపు?" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు.

నేను వండిన అన్నం, పప్పు అందరికీ వడ్డించాను. మేస్త్రి ఒక పళ్ళెం తీసి మామ చేతికిచ్చాడు. మామ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

నిజమే. వంటింట్లో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఎక్కడుంటుందని అడిగితే, "నాకేం దెల్సు? అన్నీ అదే సూసుకునేది," అన్నాడు మామ.

మేస్త్రి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. వెతకలేదు. బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి, ఉప్పు జాడీ తీసుకొచ్చాడు.

మామ తన పళ్ళెం అతని ముందుకు జరిపాడు.