బ్లాగులో అమ్మ మాట

మా అమ్మకి మాట పోయిన ఏడాదే నేను బ్లాగు మొదలుపెట్టాను. అమ్మ గొంతులో పుండు లేస్తే విజయవాడ ఆసుపత్రిలో కోసి తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. మాట రాదని డాక్టరుగారు ముందే చెప్పారు, అమ్మ సరేనని తలూపింది. తలూపినంత తేలిక కాదని ఇంటికొచ్చాక తెలిసింది, ఆవిడకి కాదు, నాకు.

ఎందుకంటే మా అమ్మంటే మాటే. పుట్టింది నాగాయలంక అవతల సముద్రపొడ్డు పల్లెలో, కాపురానికొచ్చింది బందరు. నాన్న పోయాక తట్ట నెత్తికెత్తుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మి నన్ను డిగ్రీ దాకా చదివించింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆవిడ వెంట గిలకలదిండి రేవుకి వెళ్ళేదాన్ని. వేలంపాట మొదలవకముందే అమ్మ చేప దగ్గర కూర్చుని, వేలితో మొప్ప ఎత్తి లోపలికి చూసేది. ఎర్రగా ఉంటే పాటయ్యాక తన తట్టలోకి వచ్చేది. పాలిపోయి ఉంటే పక్కన పెట్టేసేది. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు, ఎవరితోనూ వాదన పెట్టుకోదు. ఆ కాసేపే ఆవిడ నోరు మూసుకుని ఉండేది. తట్ట ఎత్తుకుని ఊళ్ళోకి అడుగుపెట్టిందా, ఇక ఆపతరమా? చేప చేతిలో పెట్టకముందే కూర వాసన వచ్చేలా చెప్పి అమ్మేది.

ఆపరేషనైన కొన్నాళ్ళకి అంట్లు తోముతూ, అమ్మ వీధిలో ఏమని పిలిచేదో గుర్తుచేసుకోబోయాను. కేక గుర్తొచ్చింది. కేక తర్వాత గుమ్మంలో నిలబడి అనే మాటలు రాలేదు. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఇంట్లో టేపురికార్డరు ఉంది, అందులో పాటలే ఉన్నాయి. బంధువుల పెళ్ళి వీడియోల్లో కూడా అమ్మ వంటల దగ్గర ఎక్కడో కనబడుతుందే తప్ప మాట వినబడదు. ఇలాగే వదిలేస్తే ఆవిడ మాట నా తలకాయలోంచి కూడా పోతుంది. నాకు నిజంగా భయం వేసింది. పోకముందే రాసి పెట్టుకోవాలనుకున్నాను.

రాయడం నాకేం కొత్త? కోర్టు ఎదురుగా టైపు షాపులో ఉద్యోగం నాది. అఫిడవిట్లు, పిటిషన్లు, వీలునామాలు రోజంతా కొట్టేదాన్ని. షాపాయన మాకు చుట్టం కాదు గానీ మావయ్యగారూ అని పిలిచేదాన్ని. కొత్తగా ఇంటర్నెట్ పెట్టించి, మధ్యాహ్నం భోజనాలవేళ కంప్యూటరు నా ఇష్టానికి వదిలేసేవారు. ఓ రోజు ఏదో వెతుకుతుంటే తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనబడే పేజీ తగిలింది. అమ్మ బాబోయ్! ఎవరెవరో, ఎక్కడెక్కడి వాళ్ళో, ఎవరి అనుమతీ అడక్కుండా తెలుగులో రాసేసుకుంటున్నారు. అన్నం డబ్బా మూత తియ్యడం కూడా మర్చిపోయాను. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కనే గళ్ళో తెలుగు విచ్చుకునే కిటుకు కూడా ఆ పూటే నేర్చుకున్నాను. 'అమ్మ' అని కొట్టి, అది తెర మీదకి వచ్చాక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

బ్లాగులో పెట్టే రాతని టపా అంటారట, నా మొదటి టపా మర్నాడే పెట్టాను. ఇప్పుడు చదివితే సిగ్గుతో చచ్చిపోతాను గానీ, దాని మొదటి వాక్యం ఇది: "నా తల్లి అయినటువంటి సదరు మహిళ మచిలీపట్నం పట్టణమందలి పలు వీధులలో మత్స్య విక్రయము గావించుచు నన్ను పోషించియున్నారు." మధ్యలో అమ్మ చేత "ఇవి మిక్కిలి తాజా చేపలు, సరసమైన ధరకు ఇచ్చెదను" అనిపించాను కూడా. టైపు షాపులో పెరిగిన చెయ్యి మరి, జడ్జిగారికి చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నట్టనిపించింది. ప్రింటు తీసుకుని ఇంటికెళ్ళి, సాయంత్రం వసారాలో బియ్యం ఏరుతున్న అమ్మకి గొంతెత్తి చదివి వినిపించాను.

అమ్మ చివరిదాకా విన్నది. తర్వాత గాల్లో ఏదో పట్టుకున్నట్టు ఎడమచెయ్యి చాపి, కుడిచేతి వేలితో మొప్ప ఎత్తి లోపలికి చూసింది. చూసి, పక్కన పెట్టేసింది. మళ్ళీ బియ్యం ఏరుకుంటోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క అక్షరం రాదు ఈవిడకి, నా రాతకి మొప్ప చూస్తుందా అని విసుక్కుంటూ లోపలికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మర్నాడు బ్లాగు తెరిస్తే టపా కింద ఒకే ఒక్క వ్యాఖ్య. పేరు పెట్టుకోలేదు, అడిగిన తీరుని బట్టి ఎవరో ఒకావిడ అనుకున్నాను: "మీ అమ్మగారు నిజంగా ఇలాగే మాట్లాడతారాండీ?"

మాట్లాడతారా అట! నా తల్లి నోరే పోయిందమ్మా అని పెద్ద జవాబు కొట్టబోయి ఆగిపోయాను. ఆవిడకేం తెలుసు? అయినా ఆవిడ అడిగిందీ, అమ్మ పక్కన పెట్టిందీ ఒకే కారణానికి. 'సరసమైన ధర' అన్న మాట మా అమ్మ నోట ఏనాడూ రాలేదు. కన్నకూతుర్ని, మాట దాచుకుందామని కూర్చుని, ఆవిడ నోట్లో మావయ్యగారి షాపు భాష కుక్కాను.

ఆ రోజు నుంచీ భోజనాలవేళ అన్నం పావుగంటలో తినేసి రాయడానికి కూర్చునేదాన్ని. అమ్మ గురించి వెంటనే రాయలేకపోయాను. ముందు చెయ్యి మార్చుకోవాలి కదా. గుడివాడ బస్సులో పక్కసీటావిడ ఒళ్ళోని సంచీలోంచి పీత బయటికొచ్చిన సంగతి రాశాను. పక్కింటివాళ్ళ తగువు రాశాను. రాస్తూ ఉంటే తెలిసింది, ఎదురుగా మనిషి కూర్చుని వింటున్నాడనుకుంటే వాక్యం దానంతటదే పొట్టిదవుతుంది. ఆ పేరులేనావిడ మాత్రం నన్ను వదల్లేదు. పీత బయటికొచ్చాక ఏం చేసింది? ఆవిడ ఏమంది? మీరేమన్నారు? బందరు చూడనివాళ్ళకి రేవులో పాట అంటే ఏం తెలుస్తుంది, పాడతారా? అడిగినప్పుడల్లా విసుక్కునేదాన్ని, విసుక్కుంటూనే దిద్దేదాన్ని. పాత టపాలు నెలపోయాక చదువుకుంటే ఎవరో పరాయివాళ్ళు రాసినట్టుండేవి. వాటిల్లో నేను దాటేసిన చోట్లు నాకే కనబడేవి. కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకుంటే ఈ జన్మకి కనబడేవి కావు. ఏ స్కూలూ కాదు, ఏ మాస్టారూ లేరు, అడిగేవాళ్ళు ఉంటే చాలు చెయ్యి తిరుగుతుందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మధ్యమధ్యలో అమ్మ గురించి రాసినవి ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. అమ్మ వినేది, మొప్ప ఎత్తేది, పక్కన పెట్టేది. కోపం పోయి పట్టుదల వచ్చింది. ఇంకేం తక్కువైందో ఆవిడ చెప్పలేదు కదా, నేనే వెతుక్కోవాలి. ఆవిడ చేపలమ్మిన ఇళ్ళకి వెళ్ళాను. రాబర్ట్‌సన్ పేటలో ప్లీడరుగారి భార్య నన్ను గుమ్మంలో చూడగానే గుర్తుపట్టి, మీ అమ్మ చేపలమ్మిందా తల్లీ, సగం రోజులు 'నీకు అమ్మను' అనేసి పోయేది అని నవ్వింది. ఆ ఒక్క ముక్కతో ఎక్కడో తలుపు తెరుచుకుంది. గబగబా షాపుకొచ్చి కూర్చున్నాను. ఏం రాస్తున్నానో చూసుకోలేదు. వేళ్ళు కొడుతుంటే తెర మీద అమ్మ మాట్లాడుతోంది.

ఆ సాయంత్రం వసారాలో అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ప్రింటు తీసి చదవడం మొదలుపెట్టాను.

"మామిడికాయ ఉందామ్మా ఇంట్లో? లేదా? అయితే ఈ నెత్తళ్ళు నీకియ్యను పో. ఒట్టి చింతపండు పోసి ఉడకేస్తావు, మీ ఆయన మూతి తిప్పుకుంటాడు, రేపు నన్ను తిడతావు. కాయ తెప్పించుకో, రేపు తెస్తాను. ఏం, ఒక్కరోజు పప్పు తింటే సచ్చిపోతారా మీ ఇంట్లో?"

చదువుతుంటే నా గొంతు ఆవిడ గొంతులా సాగింది. 'పో' దగ్గర ఆవిడ ఎలా లాగేదో అలాగే లాగాను, నేర్చుకున్నది కాదు, అదే వచ్చింది. అమ్మ భుజాలు కదిలాయి. చూస్తే, నవ్వుతోంది. చప్పుడు లేదు, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వుతోంది. ఆపరేషనయ్యాక అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారి. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా చివరిదాకా చదివాను.

అమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. ఎడమచెయ్యి చాపింది. వేలితో మొప్ప ఎత్తి, వంగి, రేవులో చూసినట్టే లోపలికి చూసింది. ఆవిడ తొందరపడలేదు, చేపని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తర్వాత తన మోకాలి పక్కన, ఎప్పుడూ తట్ట ఉండే చోట జాగ్రత్తగా పెట్టింది. అక్కడ తట్ట లేదు. ఉన్నట్టే సర్ది, ఇంకోటి ఇమ్మని నా వైపు చెయ్యి చాపింది.