అందరినీ అడిగి ఇచ్చిన ఇంటిపేరు

మా సారు పోయారు. నార్వేలో, చెల్లెలి ఇంట్లో, పొద్దున కాఫీ తాగి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి అట్లాగే వెళ్లిపోయారట. ఆ చెల్లెలు మా అబ్బాయికి మెసేజ్ పెడితే, వాడు సౌదీలోని జిజాన్ నుంచి నాకు ఫోన్ చేశాడు. నేను అప్పుడు తాయిఫ్‌లో ఒక దానిమ్మ తోటలో బావి పంపు విప్పుకుని కూర్చున్నాను. "బాపూ, సారు పోయిండట" అన్నాడు వాడు. ఫోన్ పెట్టేసి మళ్లీ పానా అందుకున్నాను. పంపును సగం విప్పి వదిలేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. రియాద్‌లో నీళ్ల పంపులు బాగుచేసే ఒక కంపెనీలో ఆయన ఇంజినీరు, నేను ఆయన కింద మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర ఊరు. ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. మరిచిపోయి కాదు, మా ఇంట్లో ఆ పేరు రోజుకు పదిసార్లు వినబడుతుంది. రాయకపోవడానికి కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మనిషి తాటిచెట్టంత ఎత్తు. ఎర్రటి గడ్డం, మేజోళ్ల మీద చెప్పులు. పంపు దగ్గరికి రాగానే ముందు అరచెయ్యి బేరింగు మీద ఆనించి కళ్లు మూసుకునేవారు. మేం మీటర్ చూపించబోతే వద్దనేవారు. "మీటర్ అబద్ధం చెప్పొచ్చు, చెయ్యి చెప్పదు" అనేది ఆయన మాట. ఆయన డబ్బాలో రొట్టె మీద గోధుమరంగు జున్నులాంటిది పలచటి పలకగా ఉండేది. మొదటిసారి నాకు ఒక ముక్క ఇస్తే, చేతులు కడుక్కోమని సబ్బు ఇచ్చారనుకుని కుళాయి దగ్గరికి పోయాను. నెలరోజులు ఆ కథ చెప్పి నవ్వారు. నేనేం తక్కువ తినలేదు, మా అమ్మ పంపిన సకినాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన తినకుండా కొలిచే పనిముట్టు తీసి చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం కొలిచారు. ఏ అచ్చూ లేకుండా ఇంత సమంగా ఎలా చుడతారని అడిగారు. వేళ్లతోనే సార్ అన్నాను. చూశావా, చెయ్యే ముందు అన్నట్టు తలాడించి అప్పుడు కొరికారు.

కువైట్ గొడవ ముదిరి యుద్ధం మొదలయ్యేసరికి కంపెనీలో తెల్లవాళ్లు చాలామంది విమానం ఎక్కేశారు. మాకు ఆ మాటే లేదు. పాస్‌పోర్టులు మమ్మల్ని పిలిపించుకున్న యజమాని కఫీల్ దగ్గర ఉన్నాయి, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ముద్ర ఎవరు కొడతారు? ఆయనకు మాత్రం పోయే దారి ఉంది. ఎందుకు పోలేదు సార్ అని అడిగితే, "పంపుకు వార్తలు వినబడవు కదా" అన్నారు. మేం దిక్కులేక ఉన్నాం, ఆయన ఉండాలనుకుని ఉన్నారు. ఆ తేడా నేను మరవలేదు.

విషవాయువు వస్తుందని ముఖానికి తొడుక్కునే మాస్కులు ఇచ్చారు. గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదన్నారు. మర్నాడు ఆయన నున్నగా గీయించుకుని వస్తే గేటు దగ్గర పఠాన్ వాచ్‌మన్ ఆపి ఇఖామా కార్డు చూపించమన్నాడు. ఆయన కోప్పడకుండా బుద్ధిగా తీసి చూపించారు. పఠాన్ కార్డులోని గడ్డం ఫొటోనూ ఈ మొహాన్నీ మార్చి మార్చి చూసి, ఈయన ఆయన కాదని తేల్చాడు. చివరికి నేను పోయి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు మా ఇంటిది నిండు చూలాలు. ఉత్తరాలు రావడం లేదు. ఊళ్లోవాళ్లు సౌదీ అంతా తగలబడిపోతోందనుకుంటున్నారు. నా మొహం చూసి సారే అడిగారు, చెప్పాను. మా బామ్మర్దిని ఫలానా రోజు మధ్యాహ్నం జగిత్యాల ఎస్‌టీడీ దుకాణంలో కూర్చోమని టెలిగ్రాం ఇప్పించి, ఆ రోజు తన ఆఫీసు ఫోన్ ముందు నన్ను కూర్చోబెట్టారు. లైను కలవలేదు. ఆయన పని మానేసి రెండు గంటలు అంకెలు నొక్కుతూనే ఉన్నారు. చివరికి కలిసింది. "కొడుకు పుట్టిండు బావా, తల్లీ పిల్లగాడు మంచిగున్నరు" అన్నాడు బామ్మర్ది. "కొడుకు సార్" అన్నాను. సారు నా చేతిలోంచి రిసీవర్ లాక్కుని, తనకు వచ్చిన హిందీ అంతా ఒక్కటే కాబట్టి, "బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా" అని కేకలు పెట్టారు. "గా మొత్తుకునేది ఎవరు బావా?" అన్నాడు అవతల బామ్మర్ది.

మేలు చేసినవాళ్ల పేరు పిల్లలకు పెట్టుకోవడం మా వైపు మామూలే. మా ఊళ్లో పురుడు పోసిన డాక్టరమ్మ పేరున్న ఆడపిల్లలు నలుగురున్నారు. నేనూ ఇంటికి ఉత్తరం రాశాను, పిల్లగాడికి మా సారు పేరు పెట్టండని. అక్కడే తప్పటడుగు వేశాను. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర. సారు చొక్కా మీది బిళ్లలో రెండు పేర్లుంటే, చివరిదే ఆయన సొంత పేరని అనుకుని అదే రాసి పంపాను. వాళ్లకు వరస తిరగబడి ఉంటుందని నాకేం తెలుసు?

యుద్ధం ముగిశాక పిల్లవాడి ఫొటో వచ్చింది. వెనక బామ్మర్ది పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో పేరు రాశాడు. సంబరంగా తీసుకుపోయి సారుకు చూపించాను. ఆయన ఫొటో చూసి నవ్వారు, వెనక్కి తిప్పి ఆ అక్షరాలను మళ్లీ మళ్లీ చదివారు. పక్క బల్ల దగ్గరి హైదరాబాదీ టైపిస్టు తొంగిచూసి, "క్యా భాయ్, గిది సారు పేరు కాదు, ఖాన్‌దాన్ పేరు. కొడుక్కి ఇంటిపేరు పెట్టినవ్" అన్నాడు. ఇంకొకరి వంశం పేరు ఎత్తుకొచ్చినట్టయింది. పేరు మార్పిస్తాను సార్, ఇంకా ఏ కాగితంలోనూ ఎక్కలేదు అన్నాను. ఆయన నన్ను కూర్చోమని, ఆ పేరు కథ చెప్పారు.

అది అసలు మనిషి పేరే కాదు, ఒక పొలం పేరు. కొండవాలు మీద, పైనుంచి జారే మంచు వచ్చి ఆగే చోట ఒక ఇల్లూ నాలుగు చెక్కల భూమీ ఉండేవట. మంచు ఆగే చోటు అన్నదే ఆ పేరుకు అర్థం. పూర్వం వాళ్ల దేశంలో ఏ పొలం మీద బతికితే ఆ పొలం పేరే ఇంటిపేరు. కొండ దిగి ఇంకో పొలానికి పోతే ఈ పేరు ఇక్కడే వదిలేసి, ఆ పొలం పేరు పెట్టుకునేవాళ్లు. అట్లా ఎంతమంది పుట్టినా, దిగిపోయినవాళ్లంతా పేరు వదిలేసే పోయారు. పేర్లు ఇక మార్చకూడదని చట్టం వచ్చేనాటికి ఆ వాలు మీద మిగిలింది సారు వాళ్ల కుటుంబం ఒక్కటే. మావాళ్లయితే ఊరు విడిచి నాలుగు తరాలైనా ఆ ఊరి పేరును ఇంటిపేరుగా మోస్తూనే ఉన్నారు సార్ అన్నాను. ఆయనకు అది భలే నచ్చింది.

ఇప్పుడు ఆ పేరున్నవాళ్లు లోకం మొత్తంలో ఐదుగురని చెప్పారు. ఆయన, చెల్లెలు, పెదనాన్న కొడుకులు ఇద్దరు, ముసలి మేనత్త. పెదనాన్న కొడుకుల్లో ఒకాయనకు పెళ్లి కాలేదు, ఇంకొకాయనకు పిల్లల్లేరు. సారుకూ లేరు. "మాతో ఆ పేరు అయిపోతుంది, ఖలాస్" అన్నారు మామూలుగానే. కానీ ఫొటో వెనక రాసిన ఆ అక్షరాలను వేలితో నిమురుతూనే ఉన్నారు. అంత కొద్దిమందికే ఉన్న ఇంటిపేరు కొత్తవాళ్లు పెట్టుకోవాలంటే, ఉన్నవాళ్లందరినీ అడగాలట, అది వాళ్ల చట్టం. "మార్చకు. నేను అడుగుతాను" అన్నారు.

ఆ చట్టం జగిత్యాలకు వర్తించదు. మా పిల్లవాడికి నేను ఏ పేరు పెట్టుకున్నా అడిగే నాథుడు లేడు. అది ఆయనకూ తెలుసు. అయినా నలుగురికీ ఉత్తరాలు రాశారు. ఈ నాలుగు ముక్కల్లో నేను ఆ పేరు రాయకపోవడానికి కారణం ఇదే. అడిగి తీసుకున్న పేరును అడగకుండా అచ్చులో పెట్టబుద్ధి కాలేదు.

ముగ్గురు సరేనన్నారు. మేనత్త ఒప్పుకోలేదు. ఆ వాలు మీద ఒక్క చలికాలమైనా గడపని వాడికి ఆ పేరెట్లా ఇస్తామని రాసింది. ఆమె మాటలో న్యాయం ఉందనే అనిపించింది నాకు. సారు మాత్రం వదల్లేదు. తిరిగి రాసిన జాబు నాకు చదివి వినిపించారు. "అత్తా, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మీ తాత ఆ పేరుతో పుట్టాడా? పొరుగు లోయ నుంచి పాలేరుగా వచ్చాడు. ఆ పొలం ఆసామి చనిపోతే, ఆ విధవరాలిని పెళ్లి చేసుకుని పొలం పేరు తీసుకున్నాడు. మనకు ఈ పేరు వచ్చిందే బయటి నుంచి వచ్చినవాడి వల్ల."

ఇల్లరికం వచ్చిన తాతను సాక్ష్యానికి పిలిచాక ఆ ముసలమ్మ ఇంకేం అంటుంది? రెండు నెలలకు సంతకం వచ్చింది. దానితోపాటు పసివాడికి చలి వేస్తుందని తనే అల్లిన ఉన్ని చేతితొడుగులు పంపింది. జగిత్యాల ఎండలో మా అమ్మ వాటిని మనవడి చేతులకు తొడిగి ఒక ఫొటో తీయించింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్న ఆ ఫొటోను ముసలమ్మ పోయేదాకా తన మంచం పక్కన పెట్టుకుందని తర్వాత తెలిసింది.

సారు రిటైరై వెళ్లిపోయారు. ఏటా ఒక ఉత్తరం వచ్చేది, అందులో పంపుల గురించి సగం, పిల్లవాడి గురించి సగం. ఊళ్లో పిల్లవాడికి ఆ పేరు సుఖమేం ఇవ్వలేదు. బడిలో పంతుళ్లకు నోరు తిరగలేదు. మతం మారారా అని కొందరు అడిగారు. పదో తరగతి పరీక్ష ఫారాలు నింపే వేళకు వాడు, నాకీ పేరు వద్దు, మార్చెయ్యమని పట్టుబట్టాడు. నేను ఫోన్‌లో కోపంగా, ఐదుగురు ఒప్పుకుంటే వచ్చిన పేరు, వద్దనుకుంటే వాళ్లనే అడుక్కో పో అన్నాను. వాడు నిజంగానే సారుకు రాశాడు.

ఆ జవాబు మా వాడు ఇప్పటికీ దాచుకున్నాడు. "పేరు నీది. కొండ దిగేవాడు పేరు వదిలేసి పోవడం మా ఇంటి ఆచారమే. నువ్వు వదిలేసినా మాలో ఎవరూ తప్పు పట్టరు. మాకు నిన్ను అడిగే హక్కు లేదు, నువ్వు మమ్మల్ని అడిగావు, అది చాలు" అని రాశారు. బెదిరిస్తే మొండికేసే పిల్లవాడు నాలుగు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగి, ఫారంలో పాత పేరే రాశాడు. నేను కోప్పడి సాధించలేనిది ఆయన వదిలేసి సాధించారు. కొడుకును పెంచడం నాకు ఆయన దగ్గర కొంత తెలిసింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ పిల్లవాడికి ఓ పాప. సారు పోవడానికి పది రోజుల ముందు జగిత్యాలలో పుట్టింది. ఫోన్‌లో వీడియో చూసి ఆయన ఏదో అన్నారట గానీ మాట స్పష్టంగా వినబడలేదట. పెదనాన్న కొడుకులిద్దరూ ముందే పోయారు. సారు పోయాక నాకు ఒకటే దిగులు పట్టుకుంది. ఆయనంత మామూలుగా ఖలాస్ అన్న మాట నా కళ్ల ముందే నిజమవుతోంది. ఉండబట్టలేక ఆయన చెల్లెలికి రాయించాను, పాప పేరు చివర కూడా ఆ పేరు పెట్టుకోనిస్తారా అని. ఆమె సంతకంతో కాగితం కొరియర్‌లో వచ్చింది. కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. "అడగవలసినవాళ్లం ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. రెండో మనిషి మీ అబ్బాయి" అని రాసింది.

ఒకప్పుడు ఆ పేరు వద్దన్నవాడు. పాపకు ఏం పేరు పెట్టాలో వాడూ కోడలూ ఏం అనుకున్నారో తెలియదు. పేరు పెట్టే తొట్టెల పండుగకు ఇంకా రెండు రోజులే ఉంది. ఫోన్‌లో అడిగే మాట కాదని, కాగితం తీసుకుని తాయిఫ్ నుంచి జిజాన్ బస్సెక్కాను. మధ్యాహ్నం భోజనం వేళకు వాడు పనిచేసే చోటు గేటు బయటికి వచ్చాడు. కాగితం చదివి ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టాడు.

"నన్ను అడుగుతున్నవా బాపూ?"

"అందరినీ అడగాలె గదా బిడ్డా. నువ్వు వద్దంటే వద్దే."

"పెద్దగైనంక అది వద్దంటే?"

"అప్పుడు దాని ఇష్టం. వదిలిపెట్టి దిగచ్చు."

వాడు పక్కనున్న నీళ్ల డ్రమ్ము దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, చొక్కాకు తుడుచుకున్నాడు. గోడవారన పేర్చిన పైపుల మీద కాగితం పరిచాడు. సముద్రపు గాలికి అది ఎగిరిపోకుండా నేను రెండు మూలలూ వేళ్లతో అదిమి పట్టుకున్నాను. సారు చెల్లెలి వణికిన సంతకం కింద, బడిలో నేర్చుకున్న గుండ్రటి తెలుగు అక్షరాలతో, మంచు ఆగే చోటు పేరును మా వాడు మెల్లగా రాశాడు.