తూర్పు హద్దు మా అత్తది

అత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను వింజమూరులో ఆత్మకూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదేమో, "వరండాలో తలుపుకి పడమర పక్క పడుకోబెట్టినాము" అన్నాడు. పోయిందన్న మాటకి రాని ఏడుపు ఆ రెండో మాటకి వచ్చింది. దిక్కులు చెప్పి మాట్లాడే మనిషి మా ఇంట్లో అత్త ఒక్కతే. "మా అక్కకి పిచ్చి" అని నాయన జీవితమంతా ఎగతాళి చేసినాడు. ఆమె పోయిన పూట ఆమె మాటే ఆయన నోట్లోకి వచ్చింది.

కుడి, ఎడమ అనేవి ఆమెకి పట్టవు. ఉప్పు డబ్బా పొయ్యికి ఉత్తరాన ఉంటుంది, కళ్లజోడు దిండుకి దక్షిణాన ఉంటుంది. ఒకసారి చెవి నొప్పని నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్తే, "పడమర చెవి నొప్పి సారూ" అని డాక్టరుకి చెప్పింది. ఆయన నవ్వాపుకోని, "ఇటు తిరగండమ్మా" అన్నాడు. తిరిగి కూర్చోని, "ఇప్పుడది తూర్పు చెవి" అన్నది. నేను సిగ్గుతో చచ్చిపోయినాను.

ఆమెకది పిచ్చి కాదు, పని. మా మామ ఆత్మకూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాసేవాడు. పిల్లలు పుట్టకముందే, చిన్న వయసులోనే పోయినాడు. కర్మలు అయిపోంగానే అత్త పోయి ఆయన కుర్చీలో కూర్చుంది. ఊరంతా నోళ్లు నొక్కుకున్నారు. "ఆడమనిషి రాసిన కాయితం చెల్లుద్దా?" అని ఒకాయన అడిగినాడంట. "రాసే చెయ్యి ఎవరిదైతే నీకేంది, సంతకం నీదే గదా. పెట్టు" అన్నదంట. ఆయన పెట్టినాడు. చేజర్ల నుంచి అనంతసాగరం దాకా ఎవరు ఏ చెక్క భూమి కొన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

కాయితం రాయడానికి కూర్చుంటే ముందు పేరు అడిగేది కాదు. "పేరు తర్వాత చెబుదువులే. నీ చుట్టూ ఎవరుండారో చెప్పు ముందు" అనేది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు హద్దులూ రాసుకున్నాకే మనిషి మొహం చూసేది. సోమశిల డ్యాంలో ఊళ్లు మునిగినోళ్లు కొత్త ఇంటి స్థలాలు రాయించుకోను వచ్చేవాళ్లు. వాళ్లని మాత్రం, "పాత ఊర్లో మీ ఇంటికి నాలుగు పక్కలా ఎవరుండేవాళ్లు?" అని కూడా అడిగేది. కాయితానికి అది అక్కర్లేదు. ఊరికే అడిగేది. వాళ్లు ఒక్కో పేరూ చెప్తా ఏడ్చేవాళ్లు, ఆమె కలం కింద పెట్టి వినేది.

నాకు సంబంధం వచ్చినప్పుడు కూడా అంతే. పెళ్లికొడుకుని నాయన చూసొచ్చినాడు, అత్త పోయి ఆ ఇంటి చుట్టుపక్కలోళ్లని చూసొచ్చింది. "పక్కింటామె పాలగిన్నె వాళ్ల ఫ్రిజ్జులో ఉండాది. మంచోళ్లే, ఇచ్చెయ్" అని తేల్చేసింది. ఇన్నేళ్లయింది, ఆమె లెక్క తప్పలేదు.

మా సొంతూరు ఉదయగిరి కొండ కింద. మా పక్క పెళ్లి కుదిరితే మొదటి కార్డు ఇలవేల్పుకి పెడతారు, లేదంటే వంశం మొదలైన ఊరికి తీసుకుపోతారు. మాకు ఆ ఊరేదో తెలియదు. చేలో మా పాత బావి ఉంది. కార్డుకి పసుపు రాసి ఆ బావి గట్టు మీద ఒక రాయి కింద పెట్టి వస్తాము. ఎందుకంటే ఎవరికీ తెలియదు, మా నాయనమ్మ చేసింది కాబట్టి మేమూ చేస్తాము. ఊర్లో మాత్రం ఇప్పటికీ మమ్మల్ని వలసొచ్చినోళ్లనే అంటారు. ఎక్కడి నుంచి వచ్చినామో చెప్పమంటే వాళ్లకీ తెలియదు. నాయనకి ఆ మాట వింటే ఒళ్లు మండేది. "కొండ మీద కోటకి కాపలా కాసిన వంశం మనది" అని మీసం దువ్వేవాడు.

"కోటలో ఉండేవాళ్లకి కింద బావి గట్టు మీద ఏం పని రా?" అనేది అత్త.

అత్తని అవ్వా అని పిలిచే మా అమ్మాయికి పోయినేడు పెళ్లి కుదిరింది. ఆ రోజే అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకోని, "ఈసారి కార్డు ఎవరికి పెడుతుండామో తెలుసుకోని పెట్టాల. ఊరందరి కాయితాలూ రాసినాను. నేను ఎక్కడిదాన్నో తెలియకుండానే పోతానేమో అని భయంగా ఉండాదే" అన్నది. అత్త నోట భయం అనే మాట నేను వినడం అదే మొదలు.

అప్పటి నుంచి ఇద్దరం ఆఫీసుల చుట్టూ తిరిగినాము. తెల్లదొరలు ఊరి భూములన్నీ కొలిపించి రాయించిన పాత రిజిస్టరు ఒకటుంది, ఆఫీసుల్లో దాన్ని డైగ్లాట్ అంటారు. అత్త దాని నకళ్లు తీయించింది. అంతకు ముందటివి దొరికితే అవీ చూసింది. పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకోని, కళ్లజోడు దారంతో మెడకి కట్టుకోని, దుమ్ముకి తుమ్ముకుంటా పట్టాదారుల గడి పై నుంచి కిందికి వేలు పెట్టి చదివేది. మా తాత తాత దాకా దొరికినారు. అంతకు పైన మా ఇంటిపేరే లేదు. "మనోడు ఆకాశం నుంచి ఊడిపడినాడా ఏందే?" అనేది. ఇంటికొచ్చి కళ్లజోడు కూడా తీయకుండా పడుకునేది. కార్డులు అచ్చుకి ఇచ్చే రోజులు దగ్గర పడతా ఉన్నాయి.

అట్లాంటప్పుడు మా పక్క చేను సాయిబు ఆత్మకూరు వచ్చినాడు. చేను తమ్ముడి పేరున రాయాలంట. రిజిస్ట్రేషన్ ఉదయగిరిలోనే, కానీ కాయితం మా అత్తే రాయాలని ఆయన పట్టు. పాత హద్దులు సరిచూసుకోడానికి వాళ్ల పెద్దల నాటి దస్తావేజు రేకుపెట్టెలో నుంచి తీసి తెచ్చినాడు. అత్త దాన్ని పైకి చదవడం మొదలుపెట్టింది. నేను టీ పోస్తా ఉన్నాను. "తూర్పు..." అని ఆగిపోయింది.

"ఏందక్కా, చెరిగిపోయిందా?" అన్నాడు సాయిబు.

అత్త మళ్లీ మొదటి నుంచి చదివింది. తూర్పు హద్దు: ఆర్కాటు నుంచి బావి పనికి వచ్చి ఇక్కడ నిలిచిపోయినవాడు తవ్విన బావి, అతని గుడిసె. పక్కనే ఆ మనిషి పేరుంది. అది మా నాయన పేరు. మా ఇంట్లో పెద్దకొడుకులకి ఆ పేరే తిప్పి తిప్పి పెడుతూ వస్తారు.

అత్త ఠపీమని నుదురు కొట్టుకుంది. "నా తలకాయ కాల! బతుకంతా ఊరోళ్ల హద్దులు రాసినాను. మా మనిషిని మాత్రం సొంతదారు గడిలో వెతికినాను. సొంత భూమి లేనోడు ఆ గడిలో ఎందుకుంటాడే? పక్కోడి హద్దులో ఉంటాడు గానీ!" అని ఏడుపూ నవ్వూ కలిపేసింది. సాయిబుకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె నవ్వుతుందని ఆయనా నవ్వినాడు. "కాయితాలు రాసే ఆమెవి, నీకు తట్టలేదా ఇన్నాళ్లూ?" అని నేను ఏడిపిస్తే, "నోరు మూసుకోని టీ పొయ్" అన్నది.

నాయనకి చెప్పినాము. ఆయన మొహం ముడుచుకున్నాడు. "బావులు తవ్వేవాడా?" అన్నాడు. ఆ పూట అన్నానికి కూడా లేవలేదు. "ఆ నీళ్లు తాగే కదరా నీకు మీసం మొలిచింది" అన్నది అత్త. మరుసటి రోజు మేము బావి దగ్గరికి ఆటోలో పోయేసరికి నాయన అప్పటికే అక్కడుండాడు. లుంగీ ఎగ్గట్టి గట్టు మీద గడ్డి పీకుతా ఉండాడు. మమ్మల్ని చూసి, "పాములొస్తాయని" అన్నాడు.

అత్త పడమర గట్టు మీద కూర్చుంది. కట్టుబడి రాళ్లని అరచేత్తో తడిమి, "ఇన్నేళ్లకీ ఒక్క రాయి కదల్లేదు చూడు" అన్నది. "ఆర్కాటు యాడ, ఉదయగిరి యాడ. అరవం తప్ప ఇంకో మాట వచ్చుండదు. ఈ ఊర్లో దప్పికైతే ఎట్లా అడిగినాడో పాపం." మళ్లీ ఆమే, "అడగడం రాకే తవ్వుకున్నాడేమో" అని నవ్వింది. లేచేటప్పుడు నా భుజం పట్టుకోని, "కార్డు ఇంక యాడికీ తీసుకుపోయే పన్లేదు. ఇన్నాళ్లూ సరైన అడ్రసుకే పోతా ఉండాది" అన్నది. నేను ఆమెని అంత తేలిగ్గా, అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

కార్డులు అచ్చయి రాకముందే పోయింది. పొద్దున్నే కాఫీ తాగి మళ్లీ పడుకున్న మనిషి లేవలేదు. నాకు కోపం వచ్చింది. ఇంకొన్నాళ్లుంటే నీ సొమ్మేం పోయేదత్తా అని ఆమె మొహం మీదే అరిచినాను. పెళ్లికూతురికి చీర కూడా ఎంచి పెట్టి ఉంది మహాతల్లి.

దినాలు అయినాక సాయిబు రిజిస్ట్రేషనుకి నన్నూ నాయననీ సాక్షులుగా పిలిచినాడు. కాయితం అత్త సగం రాసి పోయింది, మిగతాది ఉదయగిరిలో ఇంకొకాయన రాసినాడు. తూర్పు హద్దు దగ్గర ఆయన కలం ఆపినాడు. ఆ బావి ఉన్న భూమి చెక్కని మా తాత అత్తకి పసుపుకుంకుమల కింద ఇచ్చినాడు, అది ఆమె పేరునే ఉంది. "ఆమె పోయినారు గదమ్మా. మీ నాయన పేరు రాసేదా?" అని నన్నడిగినాడు.

నేను నోరు తెరిచేలోపే సాయిబు అందుకున్నాడు. "ఆ బావి ఎవరిదో మా ఊర్లో ఎవర్నైనా అడుగు పో. అక్కది. అక్క పేరే రాయి."

నాయన వైపు చూసినాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకోని, "రాయండి" అన్నాడు. పాత కాయితంలో ఆర్కాటు మనిషి ఉన్నచోట కొత్త కాయితంలో అత్త వచ్చి కూర్చుంది. నేను కింద సాక్షి సంతకం పెట్టినాను.

పోయిన శుక్రవారం కార్డు పెట్టడానికి బావి దగ్గరికి పోయినాము. నాయన రాయి ఎత్తినాడు. మా అమ్మాయి సంచిలో నుంచి ఒక కార్డు కాదు, రెండు తీసింది. రెండింటికీ పసుపు రాసే ఉంది. "రెండోది ఎవరికే?" అన్నాను. కవరు నాకిచ్చింది. దాని మీద రాసుంది: అవ్వకి, బావి పడమర గట్టు.

నాయన రెండూ ఒకే రాయి కింద పెట్టినాడు. పక్క చేలో సాయిబు మోటారు ఆపి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకోని, తమ తూర్పు హద్దు మీద నిలబడినాడు.